సీమపనస నెత్తురు

సువా,
ఫిబ్రవరి 18, 2013

కలోరిబ్ మామయ్యా,

నేను బాగున్నాను. సువాలో వాన మాత్రం బాగోలేదు. ఆదివారం ఉతికిన గౌను ఇంకా ఆరలేదు, తడిదే తొడుక్కుని క్లాసుకు వెళ్తున్నాను. ఈ ఉత్తరం మన పాస్టరుగారి కోడలు చేతికి ఇస్తున్నాను. శుక్రవారం ఆమె విలా పట్నం మీదుగా మన దీవికి, టోంగోవాకి, వస్తోంది. ఫోను చేద్దామంటే సిగ్నల్ కోసం నువ్వు కొండెక్కాలి. ఎక్కితే నీ గుండె ఏమంటుందోనని నాకు భయం. పైగా కొండ మీద నువ్వు మాట్లాడితే ఊరంతా వింటుంది.

అడగాల్సింది సూటిగా అడుగుతాను. న్యూమియాలో నీ గుండె రక్తనాళంలో స్టెంటు పెట్టి ఏడాదైనా కాలేదు. మళ్ళీ నొప్పి వచ్చి విలా ఆసుపత్రిలో ఉండి వచ్చావని అమ్మ కబురు పంపింది. పెట్టిన గొట్టంలోనే రక్తం గడ్డ కడుతోందట. నువ్వు మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదని డాక్టరు నీ కాగితం మీద రాశాడట. ఆ మాట అలా ఉన్నంతకాలం బయటి దేశానికి పంపే కమిటీ నిన్ను రెండోసారి పంపదు.

మామయ్యా, నీ సంగతి నాకు తెలియదా? నువ్వు పట్టిన చేప ఇల్లు చేరేసరికి తలే మిగులుతుంది. చొక్కా బాగుందన్నవాడికి అక్కడే విప్పి ఇచ్చేస్తావు. ఎవరో ముసలాయన వచ్చి 'నాకూ గుండెలో దడగా ఉంది కలోరిబ్' అంటే, నీ మాత్రల్లో సగం ఆయన గుప్పిట్లో పోసి ఉంటావని నా అనుమానం. అడిగినవాళ్ళకి లేదనడం మనకి మర్యాద కాదు. కానీ ఈ ఒక్కదాని విషయంలో లేదనాలి. రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర అది. మానేస్తే గొట్టం మూసుకుపోతుంది. మూసుకుపోతే నువ్వు ఉండవు.

మన ఇంట్లో ఆరో తరగతి దాటి చదివింది నేనొక్కదాన్నే. ఆ చదువు నీ గుండెకి అక్కరకు రాకపోతే ఇంకెవరి కోసం?

నిజం రాయి. కోప్పడను.

నీ
లెయ్‌మారా

*

టోంగోవా,
మార్చి 10

మేనకోడలా,

ఉత్తరం అందింది. మీ అత్తయ్య పక్కన కూర్చుని చదివించుకుంది. అయ్యాక 'చేప తల ముచ్చట మాత్రం నిజం' అంది. మిగతాది అబద్ధమని దానికి తెలుసు.

ఇక్కడ పెండలాలు తవ్వుతున్నారు. నన్ను గునపం ముట్టనివ్వడం లేదు. మీ నాన్న మాసోయి తవ్విన ప్రతి దుంపా నాకు ఎత్తి చూపిస్తాడు. 'చూశావా బావా, నీ తొడంత ఉంది. మంచి రోజుల్లో ఉన్న తొడ సుమా!' అంటాడు. 'కాదు బావా, నీ తలకాయంత ఉంది. కొట్టి చూడు, బోలుగా మోగుతుంది' అంటాను నేను. ఆడవాళ్ళు నవ్వి నవ్వి బుట్టలు దింపుకుంటారు. బావలం కదా, తిట్టుకోకపోతే ఊరు ఊరుకోదు.

ఇక నువ్వడిగింది. చేప పంచుతాను. చొక్కా ఇస్తాను. మాత్ర ఇవ్వను. ఎందుకంటే అది నాది కాదు. నన్ను న్యూమియా పంపడానికి మన ఊరి ఆడవాళ్ళు చర్చి ముందు పెండలం తురిమి లాప్‌లాప్ కాల్చి అమ్మారు. పొగకి కళ్ళు వాచిపోయిన వాళ్ళని చూశాను. వాళ్ళ కష్టాన్ని పంచిపెట్టడానికి నేనెవణ్ణి? పొద్దున చర్చి గంట కొట్టగానే వాకిట్లో నిలబడి, దారిన పోయేవాళ్ళకి కనబడేలా మింగుతాను. ఆ ఆడవాళ్ళు చూసి నిశ్చింతగా ఉండాలని. ఒక్క పూట తప్పలేదు.

విలాలో డాక్టరుకీ ఇదే చెప్పాను. కుర్రవాడు. 'అందరూ ఇలాగే అంటారు తాతా' అన్నాడు. మంచివాడే. కానీ రాసుకున్నది రాసుకున్నాడు. ఆ మాట పడవెక్కి నాకంటే ముందు ఊరు చేరింది. ఇప్పుడు గంట మోగినప్పుడు నేను మింగుతుంటే, నాలుక కింద పెట్టుకుని తరవాత ఉమ్మేస్తానేమో అని చూసేవాళ్ళున్నారు.

నువ్వూ అదే అన్నావు. దాని గురించి రాయను.

నొప్పి అప్పుడప్పుడు వస్తోంది, పడవ తోసేటప్పుడు.

కలోరిబ్

*

సువా,
ఏప్రిల్ 2

మామయ్యా,

నీ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నువ్వు మింగానన్నావంటే మింగావు, అంతే. అయితే మరి మాత్ర ఎందుకు పని చేయలేదు? ఈ ప్రశ్న పట్టుకుని మా వసేవా మేడం గదికి వెళ్ళాను. ఆమె ఇక్కడి ఫిజీ మనిషి. గుండె జబ్బుల మీద పరిశోధన చేస్తారు. మనిషి ఎంత పెద్దదో గొంతు అంత చిన్నది.

"మీ మామయ్యది ఏ దీవి?" అన్నారు.

"టోంగోవా, మేడం."

చేతిలో టీ కప్పు కింద పెట్టేశారు. "మాత్ర వేసుకోలేదని ఎవరన్నారు?"

"డాక్టరు అన్నాడు."

"ఆ డాక్టరు మీ మామయ్య నోటిని అడిగాడు. కాలేయాన్ని అడిగాడా?"

ఆ తరవాత చెప్పింది విను. ఆ మాత్ర మింగినప్పుడు పచ్చిది. పచ్చి చేమదుంప తింటే గొంతు దురదే తప్ప ఆకలి తీరుతుందా? పొయ్యి మీద ఉడకాలి. మాత్రని ఉడికించే పొయ్యి కాలేయంలో ఉంటుంది. కొందరికి పుట్టుకతోనే ఆ ఒక్క పొయ్యి వెలగదు. మిగతా పొయ్యిలన్నీ బాగానే మండుతాయి, అందుకే వాళ్ళకా సంగతి తెలియదు. మాత్ర పచ్చిగా లోపలికెళ్ళి పచ్చిగానే బయటికి పోతుంది. అలాంటివాళ్ళకి గుండెలో గొట్టం పెడితే, అది మళ్ళీ మూసుకుపోయే ప్రమాదం మిగతావాళ్ళకంటే ఎక్కువ. తెల్లవాళ్ళలో ఇలాంటివాళ్ళు కొద్దిమంది. మన దీవుల్లో చాలామంది. ఆ మాత్ర పుట్టినప్పుడు మన దీవుల్ని ఎవరూ అడిగి ఉండరు. ఇప్పుడు మేడం అడుగుతున్నారు. ఒక్కో దీవి నుంచి గుండె రోగుల రక్తం తెప్పించి, ఎవరి పొయ్యి వెలుగుతుందో, ఎవరిది వెలగదో, ఏడాది తరవాత ఎవరెలా ఉన్నారో పక్కపక్కన పెట్టి చూస్తున్నారు. ఆమె ఆ పని చేసేటప్పుడు చూస్తూ నిలబడితే నాకు చర్చిలో ఉన్నట్టే ఉంటుంది.

నీ రక్తం కావాలి మామయ్యా. వేలెడు గొట్టం చాలు. ఊళ్ళో నర్సు తీసి విమానంలో పంపుతుంది. నీ పొయ్యి వెలగదని తేలితే వేరే మాత్ర ఉంది, అది పొయ్యితో పని లేకుండా పని చేస్తుంది. కాగితం మీద రాసిన ఆ మాట కూడా పోతుంది.

ఫలితం వచ్చేదాకా ఉన్న మాత్ర మానొద్దు.

నువ్వు రాయనన్నదాని గురించి నేనూ రాయను. కానీ రోజూ తలుచుకుంటున్నాను.

లెయ్‌మారా

*

టోంగోవా,
ఏప్రిల్ 28

చదువుల తల్లీ,

వేలెడు గొట్టమే అన్నావు. అది దాటించడానికి ఇక్కడ ఎంత రభస అయిందో విను.

చేప నాది. చొక్కా నాది. నెత్తురు నాదా? మా అమ్మది. మా అమ్మకి వాళ్ళమ్మది. ఆక్టోపస్ నఫ్లాక్‌లో, మన తల్లుల వంశంలో, పుట్టినవాళ్ళందరిదీ. నువ్వూ నేనూ మీ అమ్మా, ఎమే దీవిలో ఉన్నవాళ్ళూ, నగునా దీవిలో ఉన్నవాళ్ళూ అందరం ఒక తల్లి పేగు. అందరి నెత్తుర్ని నా ఒక్కడి ఇష్టంతో విమానం ఎక్కిస్తానా? అందుకని మన నకమల్ చావడిలో పెద్దలందర్నీ కూర్చోబెట్టి అడిగాను.

లెయ్‌టోవి ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి ముందే కూర్చుంది.

"సముద్రం దాటిన నెత్తురు అక్కడ ఎవరింట్లో పడుకుంటుందిరా?" అంది.

"ఐసుపెట్టెలో, పెద్దమ్మా."

"చలికి చావదూ?"

"మన లెయ్‌మారా చూసుకుంటుంది."

"దానికి పెళ్ళీడొచ్చింది. దాన్ని ఎవరు చూసుకుంటున్నారు?"

నకమల్ గొల్లున నవ్వింది. మీ నాన్న సీమపనస నఫ్లాక్ మనిషి కదా, లోపలికి రాకూడదు. బయట కూర్చుని వింటూ, "అంత పాత నెత్తురు పంపితే ఫిజీ వాళ్ళు తిప్పి పంపేస్తారు బావా!" అని అరిచాడు. "నీది పంపితే సీమపనస జిగురనుకుని పడవకి పూసుకుంటారు" అన్నాను.

చివరికి ముసలమ్మ ఒక షరతు పెట్టింది. వాళ్ళ పని అయ్యాక ఒక్క బొట్టు మిగిలినా తిరిగి రావాలి. మన మట్టిలో పడాలి. పారబోయడానికి వీల్లేదు. మీ మేడం ఒప్పుకుంటుందా? ఒప్పుకుంటుందనే నమ్మకంతో నర్సు ముందు చేయి చాపాను. గొట్టం వస్తోంది. భద్రం.

మొన్న ఇంటి మెట్ల మీద నొప్పి వచ్చింది. పడవ దగ్గర కాదు, మెట్ల మీద. మీ అత్తయ్యకి చెప్పలేదు.

కలోరిబ్

*

సువా,
జూన్ 9

మామయ్యా,

నీ పొయ్యి వెలగదు!

ఇంత సంతోషంగా ఇలాంటి మాట రాసేది ప్రపంచంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. నువ్వు పూట తప్పకుండా మింగిన ప్రతి మాత్రా పచ్చిగానే పోయింది. నీ తప్పు రవ్వంత లేదు. వసేవా మేడం విలా డాక్టరుతో ఫోనులో మాట్లాడారు.  ఆయన ఆ మాట కొట్టేసి, 'మాత్రలు క్రమం తప్పకుండా వేసుకున్నాడు, ఆ మందు ఇతని శరీరానికి పనిచేయదు' అని రాసి సంతకం పెట్టాడు. ఇంకో డాక్టరైతే పంతానికి పోయేవాడు. తను రాసిన మాట తనే కొట్టేశాడంటే, 'మంచివాడే' అని నువ్వు రాసింది నిజమే.

కొత్త మాత్ర నర్సు దగ్గరికి వచ్చేసి ఉంటుంది. ఇది రోజుకి రెండుసార్లు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మొదట్లో కాస్త ఆయాసంగా ఉండొచ్చు, భయపడకు. ఈ మాత్రలు దేశంలో కొన్నే ఉన్నాయి. మేడం పరిశోధనలో ఉన్నావు కాబట్టి నీకు వస్తున్నాయి.

లెయ్‌టోవి ముసలమ్మ పెట్టిన షరతుని సిగ్గుపడుతూనే చెప్పాను. మేడం నవ్వలేదు. "మా ఊళ్ళోనూ ఇలాగే అడుగుతారు, నేనే ముందు అడగాల్సింది" అన్నారు. మిగిలింది ఈ ఉత్తరంతో పాటే వస్తోంది.

ఇది పుట్టుకతో వచ్చే సంగతి కాబట్టి మన వాళ్ళలో ఇంకా ఎంతోమందికి ఉండొచ్చు. గుండె మాత్రలు వేసుకునేవాళ్ళు ఎవరున్నా పరీక్ష చేయించుకోమని చెప్పు.

నాలుక కింద పెట్టుకుంటావని చూసినవాళ్ళందరికీ నా తరఫున నాలుక చూపించు.

లెయ్‌మారా

*

టోంగోవా,
జూలై 21

మేనకోడలా,

మెట్లు ఎక్కుతున్నాను. పడవ తోశాను. మొదటి వారం ఆయాసం వచ్చింది, పోయింది. లాప్‌లాప్ ఆడవాళ్ళు మా వాకిట్లోకి వచ్చి పాట పాడారు. డాక్టరు కొట్టేసిన కాగితం నర్సు చదివి వినిపిస్తే, ఊళ్ళో చాలామందికి ఉన్నట్టుండి తోటలో పని గుర్తొచ్చింది.

మిగిలిన నెత్తురు మన చేమ మడి పక్కన పాతాం. ముసలమ్మ తనే మట్టి కప్పింది.

నువ్వు చెప్పినట్టే మనవాళ్ళందరికీ చాటించాను. ఎమేకి, నగునాకి పడవల మీద కబురు పోయింది: ఆక్టోపస్ నెత్తురుకి ఆ మాత్ర ఎక్కదు అని. ఇప్పుడు మనవాళ్ళ బడాయి చూడాలి. 'మా నెత్తురు ఎవడి మందు మాటా వినదు' అని ఛాతీ విరుచుకుని తిరుగుతున్నారు. ఎమేలో ఒకరిద్దరు ఉన్న మాత్రలు పారేశారట.

ఇంకొకటి. మీ అమ్మ నీ పరీక్షలయ్యేదాకా రాయొద్దంది. నేను రాయకుండా ఉండలేను. పోయిన నెల మీ నాన్నకి తోటలో గుండె నొప్పి వచ్చి పడిపోయాడు. విలా తీసుకెళ్ళాం. బతికాడు, ఇంటికి వచ్చేశాడు, కంగారు పడకు. నాకు ముందు ఇచ్చిన మాత్రే ఆయనకీ ఇచ్చారు. ఆయన భయపడుతుంటే నేనే ధైర్యం చెప్పాను. 'నీది సీమపనస నెత్తురు బావా, నీకేం? నా పొయ్యే వెలగదు గానీ నీ పొయ్యి ఊళ్ళో అందరికీ వండిపెట్టగలదు' అన్నాను. అది పట్టుకుని నకమల్ ముందు కూర్చుని అందరికీ చెప్పుకుంటున్నాడు: 'మా సీమపనస వాళ్ళం ఏది పెట్టినా వండుకుంటాం. ఆక్టోపస్ వాళ్ళే పచ్చిగా వదిలేస్తారు.'

అననీ. బతికి ఉండి అంటున్నాడు కదా.

కలోరిబ్

*

సువా,
జూలై 31

మామయ్యా,

ఫోను చేస్తూనే ఉన్నాను. కొండ మీద టవర్ పలకడం లేదట. ఈ ఉత్తరం రేపటి విమానంలో నర్సు చేతికి చేరుతుంది. చదవగానే లేచి నాన్న దగ్గరికి వెళ్ళు.

పొయ్యి నఫ్లాక్‌ని బట్టి రాదు. మన వాళ్ళు అని రాసినప్పుడు నాకు తట్టనే లేదు, మనం నెత్తురంటే తల్లిదనే అనుకుంటామని. నేనూ ఆక్టోపస్ పిల్లనే కదా, ఒక్క వాక్యం ఎక్కువ రాసి ఉండాల్సింది. పొయ్యికి రెండు నిప్పులు ఉంటాయి. ఒకటి తల్లి ఇస్తుంది, ఒకటి తండ్రి ఇస్తాడు. నీకు రెండూ ఆరిపోయినవే వచ్చాయి, ఒకటి మీ అమ్మ నుంచి, ఒకటి మీ నాన్న నుంచి. మీ నాన్న ఆక్టోపస్ కాదు కదా! ఆరిన నిప్పు సీమపనస వాళ్ళకీ ఉండొచ్చు, చేమ వాళ్ళకి ఉండొచ్చు, కొబ్బరి వాళ్ళకి ఉండొచ్చు. ఆక్టోపస్ వాళ్ళలోనే కొందరికి లేకపోవచ్చు. పరీక్ష చేస్తే తప్ప ఎవరికీ తెలియదు. ఎమే వాళ్ళని వెంటనే మాత్రలు మళ్ళీ మొదలుపెట్టమను. ఎవరూ తమంతట తాము మానకూడదు.

నాన్న మింగుతున్నది పచ్చి మాత్ర అయితే ఆయనకి ఏ రక్షణా లేదు. మేడం విలా డాక్టరుతో మాట్లాడారు. కొత్త మాత్రలు కొన్నే ఉన్నాయి కాబట్టి పరీక్ష లేకుండా మార్చలేనన్నాడు. కాబట్టి నాన్న రక్తం కావాలి, త్వరగా.

నీ మాత్రలు ఆయనకి పంచకు. ఇది ముందే రాస్తున్నాను, నిన్ను అనుమానించి కాదు. నువ్వెలాంటివాడివో తెలిసి. పంచితే ఇద్దరూ పోతారు.

లెయ్‌మారా

*

విలా,
ఆగస్టు 25

మేనకోడలా,

విలా నుంచి రాస్తున్నాను. మీ నాన్న పక్క మంచం మీద గురక పెడుతున్నాడు. ఎలా వచ్చామో చెబుతాను.

నీ ఉత్తరం పట్టుకుని వెళ్ళేసరికి ఆయన కొబ్బరి పీచు తీస్తున్నాడు. చదివి వినిపించాను. మొహం మాడ్చుకున్నాడు.

"నీ ఆక్టోపస్ జబ్బు నాకు అంటగడుతున్నావా బావా?"

"నేను కాదు, నీ కూతురు రాసింది."

"దానికి నా నెత్తురుతో ఏం పని? అది మీ మనిషి."

"నొప్పి వస్తోందా లేదా? అది చెప్పు."

"నాకేం నొప్పి?" అంటూ లేచాడు. లేచినవాడు పీచు గుట్టని పట్టుకుని నిలబడిపోయాడు. మీ అమ్మ లోపల్నుంచి అంది: "అబద్ధం తమ్ముడూ. సాయంత్రమైతే గోడకి ఆనుకుని కూర్చుంటున్నాడు. మా నెత్తురు మంచిదని ఊరంతా చాటుకున్నాక నొప్పి ఉందని ఏ మొహంతో చెబుతాడు?"

నిజం చెబుతున్నాను, అప్పుడు నా చేయి నడుముకి కట్టుకున్న మాత్రల సంచీ మీదికి పోయింది. నీ మాట గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. నా జన్మలో ఇంత బరువుగా చేయి వెనక్కి తీసుకోవడం అదే మొదలు.

ఆయన నెత్తురు ఇవ్వాలంటే సీమపనస పెద్దలు ఒప్పుకోవాలి. ఆయన వాళ్ళని అడగడు, పరువు. అందుకని నేను వెళ్ళాను. ఆక్టోపస్ వాణ్ణి నేను. కానుకగా, నూరి తాగే కావా వేరు ఒకటి, మీ అత్తయ్య అల్లిన చాప తీసుకుని వాళ్ళ నకమల్ గుమ్మం బయట నేల మీద కూర్చున్నాను. వాళ్ళ పెద్ద తరిలియు తెలుసు కదా, గడ్డం ముడి వేసుకునే ఆయన.

"ఏం కలోరిబ్, దారి తప్పావా?"

"తప్పలేదు అన్నా. మీ నెత్తురు అడగడానికి వచ్చాను."

"మా మనిషి కోసం మీరు అడగడమేమిటి?"

"మా పిల్ల కోసం అడుగుతున్నాను. మాసోయి లేకపోతే దానికి తండ్రి ఉండడు."

"మీ పిల్ల మీ నెత్తురు. దానికీ మాకూ ఏమిటి?"

అక్కడ ఆగాను. చెప్పబోయే మాటకి మా వాళ్ళు నన్నేమంటారో నాకు తెలుసు. లెయ్‌టోవి ముసలమ్మ కర్రతో కొడుతుంది. అయినా చెప్పాను. "లెయ్‌మారా రాసింది. బిడ్డకి తల్లి ఒక నిప్పు ఇస్తే తండ్రి ఒక నిప్పు ఇస్తాడట. మేం మాదే మాదే అని ఇన్నాళ్ళూ అన్నాం. సగం మీది. ఆ సగం పేరు చెప్పి అడుగుతున్నాను."

 తరిలియు గడ్డం ముడి విప్పి మళ్ళీ వేసుకున్నాడు. "ఆక్టోపస్ వాడి నోట ఈ మాట మా తాతలు వినలేదు" అన్నాడు. చాప తీసుకున్నాడు.

మరునాడే నర్సు రక్తం తీసి పంపింది. మీ నాన్నని ఊళ్ళో ఉంచడానికి నాకు మనసు ఒప్పలేదు, ఆసుపత్రికి దగ్గరగా ఉండాలని పడవ ఎక్కించాను. దారిలో సముద్రం బాగా లేదు. ఎమే దాటేదాకా నా భుజం పట్టుకునే కూర్చున్నాడు. "నేను పోతే మునిగిపోయానని చెప్పు, గుండె అని చెప్పకు" అన్నాడు. "మునిగినా నీ తలకాయ తేలుతుంది బావా, బోలు కదా" అన్నాను.

ఎమే వాళ్ళు మాత్రలు మళ్ళీ మొదలుపెట్టారు. అక్కడి నర్సు వాళ్ళకి బాగా చీవాట్లు పెట్టిందట.

ఫలితం ఎప్పుడొస్తుంది? మీ నాన్న నన్ను అడగడు, నేను ఆయన్ని చూసినప్పుడల్లా అదే అడుగుతున్నట్టు ఉంటుంది.

కలోరిబ్

*

సువా,
సెప్టెంబరు 20

మామయ్యా,

ఈపాటికి డాక్టరు మీకు చెప్పే ఉంటాడు, కొత్త మాత్ర కూడా మొదలుపెట్టి ఉంటాడు. అయినా నా చేత్తో రాయాలని ఉంది. నాన్నది నీలాంటిదే. రెండు నిప్పులూ ఆరినవే. ఆక్టోపస్ బావ, సీమపనస బావ, ఇద్దరి పేర్లూ మేడం పట్టికలో ఒకే గడిలో ఉన్నాయి. నువ్వు ఆ గుమ్మం ముందు కూర్చోకపోతే నాన్న ఈ రోజు వరకూ పచ్చి మాత్ర మింగుతూ ఉండేవాడు.

నీ ఉత్తరం మేడంకి ఫిజీ మాటల్లో చెప్పి వినిపించాను. తరిలియు పెద్ద దగ్గర నువ్వన్నది విని ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను ఇరవై ఏళ్ళుగా జన్యువుల గురించి పాఠాలు చెబుతున్నాను. చెప్పడానికి నాకు ఏమీ ఖర్చు కాలేదు" అన్నారు. నీకు ఎంత ఖర్చయిందో నాకు తెలుసు మామయ్యా. ముసలమ్మ కర్ర దెబ్బ తగిలిందా?

ఇంకొకటి చేశాను. నా రక్తం నేనే పరీక్షించుకున్నాను. అమ్మ చేత అడిగించి లెయ్‌టోవి ముసలమ్మ అనుమతి తీసుకున్నాకే చేశాను. నాకు ఒక నిప్పు వెలుగుతోంది, ఒకటి ఆరి ఉంది. వెలిగేది అమ్మ ఇచ్చింది. ఆరింది నాన్న ఇచ్చింది. అది నాన్నదేనని నేను రూఢిగా చెప్పగలను, ఎందుకంటే ఆయన దగ్గర ఇవ్వడానికి వెలిగేది లేదు. నాకు జబ్బు లేదు, బెంగపడకండి. రేపు ఎప్పుడైనా ఆ మాత్ర అవసరమైతే డాక్టరుకి చెబుతాను, అంతే.

పరీక్ష కాగితం మీద నాన్న ఇచ్చినదాన్ని చూపే గీతని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నేను నాన్న కూతురినని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఊళ్ళో ఎవరూ నన్ను అలా పిలవలేదు. కలోరిబ్ మేనకోడలు అన్నారు, ఆక్టోపస్ పిల్ల అన్నారు. నాన్న కూడా అనలేదు.

ఈ ముక్క నాన్నకి చదివి వినిపించు. మెల్లగా చదువు.

లెయ్‌మారా

*

టోంగోవా,
అక్టోబరు 13

మేనకోడలా,

ఇద్దరం ఊరు చేరాం. మీ నాన్న తోట దాకా నడిచి వెళ్ళి వస్తున్నాడు. సాయంత్రం గోడకి ఆనుకోవడం లేదు. కర్ర దెబ్బ గురించి అడిగావు. తగిలింది. కానీ ముసలమ్మ కర్ర చివరతో కాదు, పిడితో కొట్టింది. అంటే క్షమించిందని లెక్క.

నువ్వు చెప్పినట్టే మెల్లగా చదివాను. నకమల్ ముందే కూర్చున్నాం, రెండు వైపుల వాళ్ళూ ఉన్నారు. ఆరిన నిప్పు నాన్నది అనే చోట ఆయన తల దించుకున్నాడు.

"అంటే ఆ చెడ్డది నేనిచ్చానా?" అన్నాడు.

"నీ దగ్గర ఉన్నదే ఇచ్చావు. అది మాకు ఇవ్వడం చేతకాదు. ఈ ఊళ్ళో ఆ పిల్లకి అది ఇవ్వగలిగినవాడివి నువ్వొక్కడివే" అన్నాను.

"మళ్ళీ చదువు."

చదివాను. ఇంకోసారి చదివించుకున్నాడు. మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఎవరం చూడనట్టే కూర్చున్నాం. అప్పుడు లేచి నిలబడ్డాడు. గొంతు ఎలా ఉందనుకున్నావు? కొండ మీద ఫోను అవసరం లేనంతగా ఉంది.

"బావా! ఈ పిల్ల పుట్టినప్పుడు దాని నెత్తురు మీదని, నెత్తురుకి బదులుగా చాపలు మోయించావా లేదా నాతో?"

"మోయించాను. ఆచారం అది. పది చాపలు."

"సగం తిరిగివ్వు!"

నకమల్ నవ్వుతో ఊగిపోయింది. తరిలియు కళ్ళు తుడుచుకుంటున్నాడు. నేను మాత్రం నవ్వలేదు మేనకోడలా. ఇంటికి వెళ్ళి, నీకోసం ఆయన మోసుకొచ్చిన వాటిలో ఇంకా చెక్కు చెదరనివి ఐదు ఏరి, తల మీద పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా మీ నాన్న వాకిట్లో దింపి వచ్చాను.

ఆయన వాటిని లోపల పెట్టుకోలేదు. వాకిట్లోనే పరిచాడు. దారిన పోయే ప్రతివాణ్ణీ పిలిచి కూర్చోబెడుతున్నాడు. "రా, కూర్చో. నా కూతురివి ఈ చాపలు" అంటున్నాడు.

కలోరిబ్